చంకలో ఎర్ర సిలిండర్

"రెండింటికి వ్యాన్ వస్తుంది. ఆలోగా ఎక్కడెక్కడ పొడుచుకుంటారో పొడుచుకోండి," అన్నాడు ఇన్‌స్పెక్టర్, వార్డు తలుపుకి అడ్డంగా నిలబడి.

పొడుచుకోవడం అన్న మాట ఊరికే రాలేదు. ఎదురుగా ఉన్న ప్రైవేటు డిటెక్టివ్‌కి పోలీస్ స్టేషన్లో పెట్టిన పేరు సూది. ఎవరికి ఎక్కడ నొప్పిగా ఉంటే సరిగ్గా అక్కడే గుచ్చుతుందని అక్కసు కొద్దీ పెట్టారు. యాభై దాటిన ఆడమనిషి, సోడాబుడ్డి కళ్ళద్దాలు, భుజాన బండెడు బరువున్న సంచి. ఆ పేరు విన్నప్పుడల్లా పైకి విసుక్కునేది గానీ లోలోపల మురిసిపోయేది.

"ఆస్పత్రిలో సూదిని ఆపేవాళ్ళు ఉండరు సార్. కాస్త జరగండి," అంది.

ఆయన జరిగాడు. మొహం మాత్రం జరగనన్నట్టే ఉంది.

సంగతి ఇదీ. మొన్న మధ్యాహ్నం, చూడవచ్చిన వాళ్ళందరినీ బయటికి పంపేసి నర్సులు డ్యూటీ మారే వేళ, వృద్ధుల వార్డు చివర రెండు మంచాల గదిలో ఒక ప్రాణం పోబోయింది. కిటికీ పక్క మంచం మీద ఒక పెద్దమనిషి ఉండేవాడు. మెట్ల మీంచి పడి కాలు విరగ్గొట్టుకుని వచ్చాడు. ఆ తర్వాత ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరితే ఆక్సిజన్ పెట్టారు. గోడలో గొట్టం మరమ్మతులో ఉండటంతో మంచం పక్కనే నిలువెత్తు సిలిండర్ నిలబెట్టారు. దాని పైన చక్రం తిప్పి ఎవరో గాలి కట్టేశారు. నర్సు వచ్చేసరికి పెద్దమనిషి మొహం నీలంగా ఉంది. సిలిండర్ పైన చక్రం మీద చెయ్యేసి పక్క మంచం ముసలాయన నిలబడి ఉన్నాడు. సెలైన్ సూది పీక్కున్న చేతి నుంచి రక్తం కారుతోంది. "నా డ్యూటీలో జరిగింది! నాదే తప్పు! రాసుకోండి!" అని కేకలు పెడుతున్నాడు.

ఇన్‌స్పెక్టర్ వచ్చి రాసుకున్నాడు.

పెద్దమనిషిని ఐసీయూకి మార్చారు. ఊపిరి ఉంది గానీ స్పృహ లేదు. ముసలాయనేమో ఒక మిల్లులో బాయిలర్ నడిపి రిటైరైనవాడు. తుంటి ఎముక ఆపరేషన్ అయిన మర్నాటి నుంచి మనిషి మనిషిలా లేడు. గోడ మీద చీమలు పాకుతున్నాయంటాడు, లేని సైరన్‌కి ఉలిక్కిపడతాడు, కన్నకూతుర్ని పట్టుకుని సూపర్‌వైజర్ గారూ అంటాడు. ఇప్పుడాయన్ని మానసిక చికిత్సాలయంలో తాళం వేసిన గదికి తరలించబోతున్నారు. ఆ కూతురే నిన్న సాయంత్రం సూది ఇంటి తలుపు తట్టింది. "మా నాన్న పిచ్చివాడు కాదక్కా, హంతకుడు అసలే కాదు. మా నాన్నని నాకు తెచ్చివ్వు," అంది. సూది ఆ రాత్రి సరిగ్గా నిద్రపోలేదు.

ముసలాయన్ని మార్చిన కొత్త గదిలో మంచం పక్కన కుర్రడాక్టరమ్మ నాడి చూస్తోంది. నర్సు దుప్పటి సర్దుతోంది. కూతురు తండ్రి పాదాల దగ్గర కూర్చుంది. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బిపోయాయి.

"అసలు ఈయనకి ఏమైందమ్మా?" అని సూది డాక్టరమ్మని అడిగింది.

"డెలీరియం అంటాం. మీ పెద్దవాళ్ళు సంధి పుట్టింది అనేవాళ్ళు చూడండి, అదే. ఇది పిచ్చి కాదు, మతిమరుపు జబ్బూ కాదు. పెద్ద వయసులో ఆపరేషను, నొప్పి, నిద్రలేమి, కొత్త చోటు, పడని మందు, వీటిల్లో ఏదైనా చాలు, మెదడు దారి తప్పుతుంది. కాసేపు బాగుంటారు, కాసేపట్లో తారుమారవుతారు. కారణం దొరికి దాన్ని తీసేస్తే చాలామంది తిరిగొస్తారు. నిన్నటి నుంచి ఈయనా కొంచెం నయం. కానీ ఇప్పుడు ఇంకో చోటికి మార్చి తలుపేశారంటే మాత్రం నాది పూచీ కాదు."

"నయమే. నిన్న చీమల్ని లెక్కపెట్టాడు, ఇవాళ ఊరికే చూస్తున్నాడు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "చూడండి సూదిగారూ, చక్రం మీద ఆయన వేలిముద్రలున్నాయి. నేరం తన నోటితో ఒప్పుకున్నాడు. కోపం వస్తే మతిలేనివాడు కూడా మనిషిని చంపగలడు. నేనేం కసాయివాణ్ణి కాదు, అందుకే జైలుకి కాకుండా ఆస్పత్రికే పంపిస్తున్నా."

"వాంగ్మూలం ఇచ్చేటప్పుడు మిమ్మల్ని ఏమని పిలిచాడు?"

ఇన్‌స్పెక్టర్ గొంతు సవరించుకున్నాడు. "ఫోర్‌మన్ గారూ అన్నాడు."

"ఫోర్‌మన్‌కి చెప్పుకున్నది పోలీసు కాగితం మీదకి ఎలా ఎక్కింది సార్? షిఫ్టులో ఏం జరిగినా ఆ షిఫ్టు మనిషిదే బాధ్యత. మిల్లులో పనిచేసినవాళ్ళని ఎవర్నైనా అడగండి, ఎక్కడో బోల్టు ఊడినా నా డ్యూటీలో జరిగింది, నాదే తప్పు అంటారు. అది నేరం ఒప్పుకోవడం కాదు, వాళ్ళ మర్యాద."

అంటూనే సూది మంచం పక్క బల్ల సొరుగు లాగింది. పాత గది నుంచి సామానుతో సహా తెచ్చిన బల్ల అది. దువ్వెన, పళ్ళ డబ్బా, అడుగున ఒక కాగితం కవరు. కవర్లో కళ్ళద్దాలు, చెవి మిషను ఉన్నాయి.

నర్సు నాలుక కరుచుకుంది. "థియేటర్‌కి పంపేటప్పుడు మేమే తీసి పెట్టామండీ, పోకుండా ఉంటాయని. వచ్చాక మళ్ళీ పెట్టాలని ఎవరికీ..."

"నేనూ అడగలేదక్కా," అంది కూతురు చిన్నగా. "మత్తులో ఉన్నాడు కదా, తర్వాత ఇస్తారులే అనుకున్నా."

"అంటే ఆపరేషన్ నాటి నుంచి ఈయన కళ్ళూ చెవులూ సొరుగులో ఉన్నాయి," అంది సూది. "సార్, మీరు ఎవర్ని విచారించారో ఇప్పుడు తెలిసిందా? మీరేం అడిగారో వినపడలేదు, అడిగేది ఎవరో కనపడలేదు."

ఇన్‌స్పెక్టర్ చేతిలో ఫైలు మూసి చంకలో పెట్టుకున్నాడు. కూతురు తండ్రి చెవిలో మిషను పెట్టింది, కళ్ళద్దాలు తుడిచి తొడిగింది. ముసలాయన రెప్పలు టపటపలాడించాడు. గోడ చూశాడు, కిటికీలో ఎండ చూశాడు, కూతురి మొహం దగ్గర ఆగాడు. ఏదో గుర్తొచ్చినట్టే వచ్చి మళ్ళీ జారిపోయింది.

అప్పుడు చేతులు లేచాయి. గాల్లో కనపడని చక్రాన్ని రెండు చేతులా పట్టుకుని ఎడమకి తిప్పాడు, మళ్ళీ తిప్పాడు, మళ్ళీ తిప్పాడు. చివరికి చేరినట్టు ఆగాడు. ఆగి, చక్రాన్ని కుడికి ఇంత, పావు చుట్టు, వెనక్కి తెచ్చి వదిలేశాడు.

"ఇదొకటి, రోజంతా ఇంతే," అంది నర్సు.

కూతురికి ఏడుపులోంచి నవ్వొచ్చింది. "ఇంట్లో కుళాయిలు కూడా ఇలాగే తిప్పుతాడక్కా. పూర్తిగా తెరిచి కాస్త వెనక్కి. వాల్వు బిగుసుకుపోదట, తర్వాత వచ్చినవాడికి అది తెరిచి ఉందో కట్టి ఉందో చేతికి తెలుస్తుందట. బక్కెట్టు నింపుకోవడానికి ఇంత తతంగమా అని మా అమ్మ దెప్పేది."

సూది ముసలాయన చేతుల వంకే చూస్తూ ఉండిపోయింది. ఆవిడ ఊరుకుందంటే లోపల ఏదో కుట్టు పడుతోందని ఇన్‌స్పెక్టర్‌కి అనుభవం మీద తెలుసు. ఆయనకి కంగారు మొదలైంది.

ఆవిడ కుర్చీ దగ్గరికి లాక్కుని, ముసలాయన కళ్ళకి ఎదురుగా కూర్చుని, నింపాదిగా అడిగింది. "బాబాయి గారూ, మొన్న మీ డ్యూటీలో ఏం జరిగింది?"

"మరగడం ఆగిపోయింది," అన్నాడు ముసలాయన. బొంగురు గొంతే గానీ మాట తిన్నగా ఉంది. "నీళ్ళు మరగడం ఆగిపోయింది. ఆగితే మిల్లు ఆగుతుంది కదా."

"ఎవరు ఆపారు?"

"వాడొచ్చాడు. చంకలో ఎర్ర సిలిండర్. చిన్నది. వంగాడు, కట్టేశాడు, పోయాడు. నేను కేకేశా. ఎవరూ రాలేదు." కళ్ళు మళ్ళీ మబ్బు పట్టాయి. "ఫోర్‌మన్ గారితో చెప్పండి, నాదే తప్పు."

"చంకలో సిలిండర్! రేపు ఏనుగెక్కి వచ్చాడంటాడు," అన్నాడు ఇన్‌స్పెక్టర్, పోయిన హుషారు తిరిగొచ్చి.

"పాత గది తాళం తియ్యండి," అంది సూది.

డాక్టరమ్మా నర్సూ కూడా వెంట నడిచారు. దారిలో సూది కూతుర్ని ఆ వార్డులో మనుషుల గురించి అడుగుతూనే ఉంది. కూతురికి ఎవరి మీదా ఫిర్యాదు లేదు. నర్సులు మంచివాళ్ళే, డాక్టరమ్మ బంగారం. "పక్క మంచం ఆయన బావమరిది ఉన్నాడు చూడక్కా, మెట్ల మీంచి పడ్డ రోజు ఆయన్ని ఎత్తుకొచ్చింది కూడా అతనే. అలాంటి బావమరిది ఎవరికీ ఉండడు. బావగారికి పాలు తెచ్చినప్పుడల్లా మా నాన్నకీ ఓ గ్లాసు పోసేవాడు. నిన్నంతా పోలీసులు ఎవర్నీ రానివ్వలేదు కదా, పాపం ఐసీయూ తలుపు దగ్గరే పడిగాపులు కాశాడట."

గదిలో మొన్నటి దుప్పట్లు మొన్నటిలాగే ఉన్నాయి. కిటికీ పక్క మంచం, దాని తల దగ్గర సిలిండర్, సిలిండర్‌కి వేలాడుతూ నీళ్ళ సీసా. ఆక్సిజన్ ఆ నీళ్ళలోంచి బుడగలు బుడగలుగా వెళ్ళి మాస్కుకి చేరుతుంది.

సూది చెప్పులు విడిచి ముసలాయన పడుకున్న మంచం ఎక్కి వెల్లకిలా పడుకుంది. కళ్ళద్దాలు తీసి గుండెల మీద పెట్టుకుంది. ఇన్‌స్పెక్టర్ తల పట్టుకున్నాడు.

"డాక్టరమ్మా, పైన చక్రం ముట్టుకోకుండా ఆ కింద గాలి వదిలే మీట తిప్పు."

గుడగుడమని సీసాలో నీళ్ళు లేచాయి. కళ్ళద్దాలు లేని సూదికి సీసా కనపడలేదు, సిలిండర్ ఒక నల్లటి మసక. కానీ ఆ మసకలో తెల్లగా నీళ్ళు మరుగుతున్నట్టు కదలిక ఒకటి ఆగకుండా కనపడుతూనే ఉంది. బతుకంతా మరిగే నీళ్ళకి కాపలా కాసినవాడు, మతి చెదిరి పగలూ రాత్రీ తెలియకుండా పడుకుని, ఇంకేం అనుకుంటాడు?

"కట్టెయ్."

కదలిక ఆగింది. ఎంత చిన్న సంగతి!

"ఇప్పుడు సార్, మీరు తలుపులోంచి మంచం దాకా నడవండి."

ఏదో గొణుగుతూనే ఇన్‌స్పెక్టర్ నడిచాడు. మొహం లేదు, మీసం లేదు, భుజం మీద చుక్కలు లేవు. చంకలో ఆకుపచ్చ ఫైలు ఒక్కటే గాల్లో తేలుతూ వచ్చినట్టు ఉంది.

"సంధిలో మనిషి లేనివి చూస్తాడు, నిజమే. కానీ ఉన్నవి కూడా చూస్తాడు," అంది సూది లేచి కూర్చుని. "మీ మొహం నాకు కనపడలేదు, చంకలో ఆకుపచ్చది మాత్రం కనపడింది. ఆయనకి ఎర్రది కనపడింది. సిస్టర్, మీరు సిలిండర్ తెరిచేటప్పుడు చక్రం ఎంత తిప్పుతారు?"

"ఒక్క చుట్టు. అది చాలు. చివరిదాకా తిప్పితే మళ్ళీ కట్టేటప్పుడు ఆలస్యం. ఈ వార్డులో అందరం అంతే."

"మొన్న లోపలికి వచ్చినప్పుడు బుడగలు వస్తున్నాయా?"

"వస్తున్నాయండీ. అదే సార్‌కి చెప్పాను. నేను చక్రం ముట్టుకోలేదు. ఆయన్ని తరలించేటప్పుడు కింద మీట మాత్రం కట్టాను."

"కంగారులో నువ్వే తెరిచి మర్చిపోయుంటావు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. కానీ ఆ మాటలో పసలేదని ఆయనకే తెలిసింది.

"అయితే చక్రం ఒక్క చుట్టు మీద ఉండాలి. చూడండి."

ఇన్‌స్పెక్టర్ చేతికి తొడుగు వేసుకుని చక్రాన్ని ఎడమకి తిప్పాడు. పావు చుట్టు కదిలి ఠక్కున ఆగిపోయింది. ఆయన చెయ్యి అక్కడే ఉండిపోయింది. మెల్లగా కుడికి తిప్పుకుంటూ పోయాడు. ఒకటి, రెండు, మూడు, ఇంకా తిరుగుతూనే ఉంది. మళ్ళీ ఎక్కడిదక్కడికి తెచ్చి, వెనక్కి తిరిగి ముందు నర్సునీ ఆ తర్వాత కూతుర్నీ చూశాడు.

"పూర్తిగా తెరిచి, పావు చుట్టు వెనక్కి," అన్నాడు.

"మా నాన్న తెరిచాడా?" అంది కూతురు. "కట్టలేదు, తెరిచాడా?"

"విరిగిన తుంటితో, సెలైన్ పీక్కుని, మంచం దిగి వెళ్ళి తెరిచాడమ్మా," అంది డాక్టరమ్మ. "ఆ నాలుగడుగులు ఎలా వేశాడో నాకిప్పటికీ అంతు చిక్కట్లేదు. ఐసీయూలో ఆయన బతికున్నాడంటే మీ నాన్న చలవే."

కూతురు తండ్రి పాత మంచం కొస పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. ఇన్‌స్పెక్టర్ కిటికీలోంచి బయటికి చూశాడు. మొండివాడే గానీ మొద్దు కాదు. "సరే, తెరిచింది ఆయనే. మరి కట్టింది ఎవరు? పేరివ్వండి. చేతిలో ఏమీ లేకుండా పైవాళ్ళతో వ్యాన్ వద్దని చెప్పలేను."

"ఇంకొకటి ఉంది," అంది డాక్టరమ్మ. "ఎందుకో అనుమానం వచ్చి నిన్న తాతగారి మూత్రం పరీక్షకి పంపాను. పొద్దున్నే తెలిసింది. నిద్ర తెప్పించే మాత్రలు ఒంట్లో ఉన్నాయి. మేం ఒక్కటి కూడా ఇవ్వలేదు. వయసులో ఉన్నవాళ్ళకి అయితే హాయిగా నిద్రపడుతుంది. ఈ వయసులో కొందరికి నిద్ర రాదు సరికదా, మతి చెదిరి లేచి తిరుగుతారు. సంధికి అసలు కారణం అదేనేమో. నిన్నటి నుంచి తేరుకుంటున్నారు కూడా."

"అంటే నిన్నటి నుంచి ఇచ్చేవాడు రాలేదు. పక్క మంచం మనిషి నిద్రపోతే చూసేవాళ్ళు ఉండరనుకున్నాడు," అంది సూది. సంచి తీసుకుని గబగబా కొత్త గదికి నడిచింది.

అక్కడ ముసలాయన దిండుకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. అందరికంటే ముందు లోపలికొచ్చిన కూతుర్ని కళ్ళద్దాల్లోంచి తేరిపార చూశాడు.

"చిట్టీ, ఏమిటా మొహం? పొద్దున్నుంచి ఏమైనా తిన్నావా?"

అన్నాళ్ళ తర్వాత కూతుర్ని గుర్తుపట్టి అన్న మొదటి మాట అది. కూతురు తండ్రి చెయ్యి తీసి చెంపకి ఆనించుకుంది. డాక్టరమ్మ వెంటనే ఇది ఏ చోటు, ఏ పూట, ఆపరేషన్ దేనికి అని వరసగా అడిగింది. అన్నిటికీ సరిగ్గా చెప్పాడు. చివరికి "నేను స్కూలు పిల్లాణ్ణా తల్లీ?" అని చిరాకు పడ్డాడు. ఆ చిరాకు చూసి నర్సు కూడా కళ్ళు తుడుచుకుంది.

సూది ఆయన పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. మొన్నటి సంగతి అడగబోతుండగా తలుపు మీద సున్నితంగా తట్టినట్టయింది.

"రావచ్చా అండీ? ఇవాళ రానిస్తున్నారట కదా." పక్క మంచం ఆయన బావమరిది. నలగని చొక్కా, నిద్రలేని కళ్ళు, మొహమంతా మంచితనం. "దేవుడు చల్లగా చూశాడు. మా బావ ఇందాకే కళ్ళు తెరిచాడు. కొంచెం కొంచెం పాలు పట్టొచ్చన్నారు. అక్కడికే వెళ్తూ, బాబాయికి కూడా ఓ గ్లాసు పోసి వెళ్దామని."

అతని చంకలో ఎర్రటి ఫ్లాస్కు ఉంది. పొడుగ్గా, గుండ్రంగా, మూత వెండిలా మెరుస్తూ.

ముసలాయన చేతులు లేచాయి. గాల్లో చక్రాన్ని పట్టుకున్నాడు. ఈసారి ఎడమకి కాదు. కుడికి తిప్పాడు, మళ్ళీ కుడికి, మళ్ళీ కుడికి, చివరి పట్టు దాకా బిగించాడు. చేతులు వెనక్కి రాలేదు. చూపు ఆ ఎర్రదాని మీంచి కదల్లేదు.

"అయ్యో, ఇంకా అలాగే ఉన్నాడా పాపం," అన్నాడు బావమరిది. మాటల్లో జాలి ఉంది, ఊపిరిలో మాత్రం బరువు దిగినట్టు తేలిక. ఫ్లాస్కు మూత తిప్పి గ్లాసులో పాలు పోశాడు.

కూతురు పాదాల దగ్గర దుప్పటి పట్టుకుని తల వాల్చేసింది. మళ్ళీ మతి తప్పిందా నాన్నకి? అప్పుడే దుప్పటి కింద ముసలాయన కాలి బొటనవేలు ఆమె చెయ్యిని చిన్నగా తన్నింది. ఒకసారి, రెండుసార్లు. తలెత్తి చూస్తే కళ్ళద్దాల వెనక ఒక కన్ను మూసుకుని తెరుచుకుంది.

సూదికి ఆ కన్నుగీటూ కనపడింది, కుడికి బిగిసిన చక్రమూ, చంకలో ఎర్రదీ కనపడ్డాయి. లేచి వెళ్ళి అతని చేతిలోంచి ఫ్లాస్కు మెత్తగా అందుకుని డాక్టరమ్మకి ఇచ్చింది. గ్లాసు మాత్రం అతని చేతిలోనే ఉంచింది.

"మీ మంచితనం ఇప్పటిదాకా వింటూనే ఉన్నాం. రాత్రంతా నిద్ర లేదేమో మీకు, ముందు మీరు ఓ గుటక తాగండి."

"నేనా? నాకు పాలు పడవండీ."

"పోనీలెండి. ఒక్కటి చెప్పండి. మీ బావగారు మెట్ల మీంచి పడ్డప్పుడు వెనక ఎవరున్నారు?"

అతను నవ్వబోయాడు, కుదరలేదు. తలుపు వైపు తిరిగితే అక్కడ ఇన్‌స్పెక్టర్ వీపుతో తలుపు మూసి నిలబడి ఉన్నాడు. చంకలో ఆకుపచ్చ ఫైలు లేదు, అది అప్పటికే కింద పడి ఉంది.

"ఐసీయూకి ఫోన్ చెయ్యండి," అన్నాడు ఇన్‌స్పెక్టర్ డాక్టరమ్మతో. "బయట నుంచి ఏదీ ఆ పెద్దమనిషి నోట్లోకి వెళ్ళకూడదు. మా మనిషి వచ్చి పక్కనే కూర్చుంటాడు. ఆయన చెప్పేది ఈసారి నేనే దగ్గరుండి వింటా." ఒక్క క్షణం ఆగి, "కళ్ళద్దాలు ఉంటే పెట్టించి," అన్నాడు.

బయట నుంచి కానిస్టేబుల్ తలుపు తట్టాడు. "సార్, వ్యాన్ వచ్చింది. పేషెంటుని దింపమంటారా?"

"పేషెంటు ఇంటికి వెళ్తాడు, డాక్టరమ్మ పంపినప్పుడు," అన్నాడు ఇన్‌స్పెక్టర్, బావమరిది చేతిలోంచి గ్లాసు జాగ్రత్తగా తీసుకుంటూ. "వ్యాన్‌ని మాత్రం ఉండమను. ఖాళీగా వెళ్ళదు."